బ్యాక్‌ఫ్లో పరికరాల రికార్డులు సాఫ్ట్‌వేర్‌లో ఎలా నిర్వహించాలి? పరికరం మారినప్పుడు ఏం చేయాలి?

మంచినీటి లైనులో నీరు ఒక్క వైపుకే పారాలి. ఎక్కడో మెయిన్ పైపు పగిలినా, మంటలు ఆర్పడానికి ఒక్కసారిగా ఎక్కువ నీళ్లు లాగినా లైనులో ప్రెజర్ పడిపోతుంది. అప్పుడు బాయిలర్‌లో రసాయనం కలిసిన నీళ్లు, తోటకు మందు కలిపిన నీళ్లు వెనక్కి వచ్చి తాగే నీళ్లలో చేరతాయి. వాటిని ఆపేదే బ్యాక్‌ఫ్లో ప్రివెంటర్. 1933లో చికాగో ప్రపంచ ప్రదర్శన జరుగుతుండగా హోటళ్ల ప్లంబింగ్ లోపాల వల్ల మురుగు మంచినీళ్లలో కలిసింది. అమీబిక్ డిసెంట్రీ సోకి 98 మంది చనిపోయారు.

ఈ పరికరం లోపల స్ప్రింగులు, రబ్బరు సీళ్లు ఉంటాయి. అవి అరుగుతాయి, మధ్యలో చెత్త ఇరుక్కుంటుంది. బయటి నుంచి చూసి పని చేస్తోందో లేదో ఎవరూ చెప్పలేరు. అందుకే చాలా చోట్ల ఏడాదికోసారి ప్రెజర్ కొలిచే గేజ్ పెట్టి పరీక్షించాలనే నియమం ఉంది. ఆ పరీక్ష జరిగిందని, ఈ పరికరానికే జరిగిందని చెప్పేది రికార్డు ఒక్కటే. నేను చాలా ఏళ్లుగా ఈ రికార్డులే చూస్తున్నాను. ఇతరులు పాడు చేసిన డేటాబేస్‌లను వరసపెట్టి శుభ్రం చేశాను. ప్రతి చోటా దాదాపు అదే తప్పు కనిపించింది. దాని గురించి వివరంగా చెబుతాను. ముందు తేలిక పనులు ముగిద్దాం.

మొదలుపెట్టే ముందు

ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఫరవాలేదు. కనెక్షన్ల జాబితా, గత పరీక్షల రిపోర్టులు, అనుమతి ఉన్న టెస్టర్ల జాబితా, వాళ్ల సర్టిఫికెట్ గడువు తేదీలు, గేజ్‌ల కాలిబ్రేషన్ (అంకెలు సరిగ్గా చూపిస్తున్నాయో లేదో సరిచూసిన) తేదీలు దగ్గర పెట్టుకోండి. పాత ఎక్సెల్ షీటు నుంచి డేటా ఎక్కిస్తుంటే సీరియల్ నంబరు కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చండి. లేకపోతే నంబరు ముందున్న సున్నాలు పోతాయి. తేదీలు కూడా ఒకే పద్ధతిలో ఉండాలి. 03/04 అంటే మార్చి 4వ తేదీయా, ఏప్రిల్ 3వ తేదీయా అని తర్వాత ఎవరూ తేల్చలేరు.

ముందు చోటు, తర్వాత పరికరం

కస్టమర్ పేరు మీద రికార్డు తెరవకండి. అద్దెకు ఉన్నవాళ్లు మారతారు, కంపెనీ పేరు మారుతుంది, భవనం అమ్ముడవుతుంది. పైపు మాత్రం అక్కడే ఉంటుంది. అందుకే ముందు చోటును ఎక్కించండి: చిరునామా, మీటరు నంబరు, ఆ పైపు ఏ పనికి, ఆ పని వల్ల ప్రమాదం ఎంత. పరికరాన్ని ఆ తర్వాత ఆ చోటుకు తగిలించండి. కస్టమర్ అంటే పరీక్ష గడువు గుర్తుచేసే ఉత్తరం ఎవరికి పంపాలో చెప్పే వివరం మాత్రమే. పేర్ల మీద నడిపిన డేటాబేస్‌లు రెండేళ్లు తిరగకముందే గందరగోళం కావడం నేను చాలాసార్లు చూశాను.

పరికరం రికార్డులో తయారీదారు, మోడల్, సైజు, సీరియల్ నంబరు నాలుగూ ఉండాలి. వేర్వేరు తయారీదారుల పరికరాలకు ఒకే సీరియల్ నంబరు ఉండొచ్చు. కాబట్టి నంబరు ఒక్కటే చూసి గుర్తుపట్టలేం. నేమ్‌ప్లేట్ ఫోటో లేని రికార్డు నా లెక్కలో పూర్తయిన రికార్డు కాదు. తుప్పు పట్టిన ప్లేటు మీద 8ని 3 అనీ, సున్నాను ఇంగ్లిష్ అక్షరం ఓ అనీ చదివేస్తారు. ఫోటో ఉంటే ఆ గొడవ కుర్చీలో కూర్చునే తీర్చవచ్చు.

పరికరం ఎక్కడుందో మాటల్లో కూడా రాయండి. 'బేస్‌మెంట్' అంటే చాలదు. 'బాయిలర్ గది, తలుపుకు ఎడమ వైపు గోడ, నేల నుంచి మోకాలి ఎత్తు' అని రాయాలి. ఒకే గదిలో మూడు పరికరాలు ఉన్నప్పుడు టెస్టరుకు దారి చూపేది ఈ వాక్యమే.

నీటిని ఒక్క వైపుకే వదిలే చెక్ వాల్వులు రెండు వరసగా ఉన్న పరికరం డబుల్ చెక్. అగ్నిమాపక లైన్ల మీద డబుల్ చెక్ డిటెక్టర్ ఉంటే మరింత జాగ్రత్త. పెద్ద పరికరం పక్కనే బైపాస్‌లో, అంటే దాన్ని చుట్టి వెళ్లే చిన్న పైపులో, చిన్న మీటరు, దానితో ఇంకో చిన్న డబుల్ చెక్ ఉంటాయి. చిన్నదానికి వేరే సీరియల్ నంబరు, వేరే పరీక్ష. దాన్ని వేరే రికార్డుగా ఎక్కించి పెద్దదానితో కలపాలి. చాలా డేటాబేస్‌లలో ఈ చిన్నది అసలు కనిపించదు.

ఎయిర్ గ్యాప్‌ను కూడా వదలకండి. అది పరికరం కాదు, కొళాయి మూతికీ తొట్టి అంచుకూ మధ్య ఉన్న ఖాళీ. గేజ్ పరీక్ష లేకపోయినా ఆ ఖాళీ పైపు వ్యాసానికి కనీసం రెండింతలు ఉందా, ఎవరైనా గొట్టం తగిలించి దాన్ని మూసేశారా అని చూసి తేదీతో రాయాలి.

పరీక్ష ఫలితాలు ఎక్కించడం

'పాస్' అని ఒక్క ముక్క రాసి వదిలేయడం కుదరదు. అంకెలు ఎక్కించండి. ఉత్తర అమెరికాలో వాడే పరీక్షా పద్ధతుల్లో డబుల్ చెక్ లోని ప్రతి చెక్ వాల్వూ కనీసం 1 పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఒక పౌండు ప్రెజర్) నిలపాలి. రెడ్యూస్డ్ ప్రెజర్ పరికరంలో రెండు చెక్ వాల్వుల మధ్య నీళ్లు బయటికి వదిలే రిలీఫ్ వాల్వు ఉంటుంది; అది 2 పీఎస్ఐ లేదా అంతకంటే పైనే తెరుచుకోవాలి. మీ దగ్గర నియమం వేరేగా ఉంటే ఆ అంకెలు పెట్టుకోండి. ఏదైనా సరే, సాఫ్ట్‌వేర్ దానంతటదే సరిచూసుకునేలా సెట్ చేయండి. రిలీఫ్ వాల్వు 1.6 దగ్గర తెరుచుకుందని రాసి, పక్కనే 'పాస్' టిక్ చేసిన రిపోర్టులు నాకు ఎన్నో వచ్చాయి.

ఇంకొకటి. రెడ్యూస్డ్ ప్రెజర్ పరికరంలో మొదటి చెక్ వాల్వు అంకె రిలీఫ్ వాల్వు అంకె కంటే తక్కువగా ఉందంటే, రిలీఫ్ నుంచి నీళ్లు ఆగకుండా కారుతూ ఉండాలి. రిపోర్టులో కారుతున్న మాటే లేకపోతే ఆ అంకెలు తప్పు. టెస్టరుకు ఫోన్ చేయండి.

ముందు ఫెయిలై, రిపేరు చేశాక పాసైతే రెండు ఫలితాలూ ఉండాలి. చివరి పాస్ ఒక్కటే ఎక్కిస్తే ఏటా ఒకే సీలు పాడవుతోందన్న సంగతి ఎప్పటికీ బయటపడదు.

సీరియల్ నంబరు కలవనప్పుడు

అసలు విషయం ఇదే. రిపోర్టు వస్తుంది. దాని మీద ఉన్న సీరియల్ నంబరు, మీ రికార్డులోని నంబరు వేరు. అప్పుడు చాలామంది చేసేది ఒకటే: రికార్డు తెరిచి, పాత నంబరు చెరిపి, కొత్తది కొట్టి, సేవ్ చేస్తారు. నిమిషంలో పని అయిపోతుంది. దయచేసి ఎప్పుడూ అలా చేయకండి.

నంబరు కలవకపోవడానికి మూడు కారణాలు ఉండొచ్చు. టెస్టరు నంబరు తప్పుగా చదివి ఉండవచ్చు. పాత పరికరం తీసేసి కొత్తది పెట్టి ఉండవచ్చు. లేదా టెస్టరు పొరపాటున వేరే పరికరాన్ని పరీక్షించి ఉండవచ్చు. నంబరు చెరిపి రాసేవాళ్లు ఈ మూడో దాన్ని తలచుకోనే తలచుకోరు. ప్రమాదమంతా అక్కడే ఉంది.

ఒక భవనంలో రెండు పరికరాలు ఉండేవి. ఒకటి బాయిలర్‌కు, ఇంకొకటి తోటకు. ఒక ఏడాది టెస్టరు తోట పరికరాన్ని పరీక్షించి బాయిలర్ ఫారం మీద రాసి పంపాడు. ఆఫీసులో ఎవరో బాయిలర్ రికార్డులో నంబరు మార్చేశారు. ఆ క్షణం నుంచి బాయిలర్ పరికరం సాఫ్ట్‌వేర్ దృష్టిలో లేనే లేదు. రెండు రికార్డులూ తోట పరికరానివే. ప్రతి ఏడాదీ రెండు ఉత్తరాలు వెళ్లేవి, రెండు రిపోర్టులు వచ్చేవి, స్క్రీన్ మీద అంతా పచ్చగా కనిపించేది. మూడేళ్ల తర్వాత ఒకే నంబరు రెండు చోట్ల ఎందుకుందని నాకు అనుమానం వచ్చి స్వయంగా వెళ్లి చూశాను. బాయిలర్ పరికరంలో రిలీఫ్ వాల్వు అసలు తెరుచుకోవడమే లేదు. ఆ మూడేళ్లూ ఆ భవనంలో జనం అవే నీళ్లు తాగారు.

అందుకని నంబరు కలవకపోతే ముందు ఏదీ మార్చకండి. రిపోర్టును పెండింగ్‌లో పెట్టండి. తర్వాత తయారీదారు, మోడల్, సైజు, చోటు పోల్చి చూడండి. అన్నీ సరిపోయి ఒక్క అంకె మాత్రమే తేడాగా ఉంటే చదవడంలో పొరపాటు కావచ్చు. 'కావచ్చు' అంటున్నాను, గమనించండి. ఫోటో తెప్పించుకుని చూశాకే నిర్ణయించాలి. ఫోటో ప్రకారం రికార్డే తప్పయితే సరిదిద్ది, ఎందుకు సరిదిద్దారో నోట్ రాసి, మీ పేరు, తేదీ పెట్టండి.

సైజో మోడలో తేడాగా ఉంటే టెస్టరుకు ఫోన్ చేసి సూటిగా అడగండి: 'పాతది తీసేశారా? ఎప్పుడు తీశారు? ఆ చోట ఇంకో పరికరం ఉందా?' ఉందని చెబితే ఆయన పరీక్షించింది వేరే దాన్ని. ఆ ఫలితం దాని రికార్డుకు చేర్చండి, దానికి రికార్డు లేకపోతే కొత్తది తెరవండి. పాత పరికరం గడువు అలాగే ఉంటుంది, పరీక్ష ఇంకా జరగనట్టే లెక్క.

నిజంగానే పరికరం మారిందని తేలితే, పాత రికార్డును 'తొలగించారు' అనే స్థితికి మార్చి తేదీ వేయండి. డిలీట్ బటన్ జోలికి వెళ్లకండి. అదే చోటు కింద కొత్త రికార్డు తెరిచి, పాతదాని బదులు వచ్చినట్టు రెండింటినీ కలపండి. చోటు వివరాలు, ప్రమాద స్థాయి మారవు, ఎందుకంటే అవి పైపుకు సంబంధించినవి. పరీక్షల చరిత్ర మాత్రం పాత పరికరంతోనే ఉండిపోవాలి. పాతదాని చివరి పరీక్ష తేదీ కొత్తదానికి రాయకూడదు. కొత్త పరికరం బిగించిన వెంటనే దాన్ని పరీక్షించాలి. ఆ రిపోర్టు వచ్చేదాకా రికార్డు పెండింగ్‌లోనే ఉంచండి.

ఇక్కడే ఇంకో జాగ్రత్త. కొత్తది ఏ రకమో చూడండి. ఆరోగ్యానికి హాని చేసే రసాయనాలున్న చోట రెడ్యూస్డ్ ప్రెజర్ పరికరం తీసేసి, చౌకగా వస్తుందని డబుల్ చెక్ బిగిస్తుంటారు. అంతటి ప్రమాదానికి డబుల్ చెక్ చాలదు. నంబరు మాత్రం మార్చి వదిలేస్తే ఇది ఎవరి కంటా పడదు. కొత్త రికార్డు తెరిచేటప్పుడు రకం, ప్రమాద స్థాయి ఎదురెదురుగా వస్తాయి కాబట్టి వెంటనే తెలిసిపోతుంది. పనిలో రెండు నిమిషాలు ఎక్కువైనా నేను ఈ పద్ధతి వదలకపోవడానికి పెద్ద కారణం ఇదే.

లోపలి సీళ్లు, స్ప్రింగులు మార్చడం మాత్రం రిపేరే. బాడీ అదే, నంబరు అదే, రికార్డూ అదే.

టెస్టర్లు నేరుగా ఫలితాలు ఎక్కించే పోర్టల్ ఉంటే, నంబరు కలవనప్పుడు దానంతటదే కొత్త పరికరం సృష్టించే సెట్టింగ్‌ను ఆపేయండి. దాన్ని వదిలేసిన ఒక చోట ఒకే వాల్వుకు నాలుగు రికార్డులు చూశాను. మూడింటికి గడువు దాటిందని నోటీసులు వెళ్తూనే ఉన్నాయి. ఆ కస్టమరుకు కోపం రావడంలో తప్పేముంది?

గడువులు, ఉత్తరాలు

తర్వాతి గడువు పరీక్ష జరిగిన తేదీ నుంచి లెక్కపెట్టాలి, మీరు ఎక్కించిన తేదీ నుంచి కాదు. సెట్టింగ్స్‌లో ఇది ఒకసారి చూసుకోండి. ఫెయిలైన పరీక్షకు గడువు ముందుకు జరగకూడదు. రిపోర్టు సేవ్ చేసే ముందు, పరీక్ష రోజున టెస్టరు సర్టిఫికెట్, గేజ్ కాలిబ్రేషన్ రెండూ చెల్లుబాటులో ఉన్నాయో లేదో చూడాలి. ఉత్తరాల టెంప్లేటులో సీరియల్ నంబరు, చోటు వివరం తప్పకుండా రావాలి. 'మీ పరికరాన్ని పరీక్షించండి' అని మాత్రమే రాస్తే తప్పు పరికరానికి పరీక్ష జరుగుతుంది.

నెలకోసారి మూడు జాబితాలు తీయండి: ఒకే సీరియల్ నంబరు రెండు చోట్ల ఉన్నవి, ప్రమాదం ఎక్కువగా ఉన్నా ఏ పరికరమూ తగిలించని చోట్లు, 'తొలగించారు' అని ఉండి బదులు రికార్డు లేనివి. మూడోది ఎక్కువమంది తీయరు. పరికరం తీసేసి ఆ చోట ఏమీ పెట్టకపోతే ఆ పైపుకు అడ్డే లేదు. అలాంటిది ఒక్కటి కనిపించినా ఉత్తరం రాసి ఎదురుచూడకండి, ఆ రోజే మనిషిని పంపి చూడమనండి.