లేనియర్‌లో స్ట్రైపర్ పడట్లేదా? ముందు ఎర ట్యాంకు మూత తీసి చూడండి

అట్లాంటాకి ఉత్తరాన కమింగ్, ఆల్ఫరెటా వైపు ఉండే మనవాళ్ళకి లేక్ లేనియర్ అంటే చుట్టాలొచ్చినప్పుడు పులిహోర డబ్బాలు పట్టుకెళ్ళే చోటు. నాకూ చాన్నాళ్ళు అంతే. తర్వాత ఓ సెకండ్‌హ్యాండ్ బోటు కొని, స్ట్రైపర్ వెంట పడి, దాదాపు రెండు సీజన్లు ఖాళీ చేతులతో ఇంటికొచ్చాను. అప్పుడు నేను చేసిన తప్పులే ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు ఫోన్ చేసి అడుగుతుంటే ఒకచోట రాసి పెడదామనిపించింది.

చేప గురించి రెండు ముక్కలు. స్ట్రైపర్, అంటే స్ట్రైప్డ్ బాస్, అసలు సముద్రపు చేప, గుడ్లు పెట్టడానికి నదుల్లోకి ఎదురెక్కుతుంది. దాని గుడ్లు పొదగాలంటే పారే నీళ్ళలో రెండు రోజుల పాటు తేలుతూ పోవాలి, లేనియర్‌లో అంత పారుదల లేదు కాబట్టి రాష్ట్ర ప్రభుత్వమే పిల్లల్ని తెచ్చి వదులుతుంది. చట్టహూచీ నది మీద 1950ల్లో బ్యూఫర్డ్ డ్యామ్ కడితే ఏర్పడిన 38,000 ఎకరాల చెరువు ఇది. ఇక్కడ స్ట్రైపర్‌కి ముఖ్యమైన తిండి బ్లూబ్యాక్ హెరింగ్ అనే చిన్నచేప, మనం గుచ్చే ఎర కూడా అదే. ఊళ్ళో కొర్రమీను కోసం బతికున్న కప్పని గుచ్చి గాలం వేసినవాళ్ళు ఇదీ అంతేగా అనుకుంటారు. కప్ప మొండి ఘటం, హెరింగ్ మాత్రం గట్టిగా పట్టుకుంటే పొలుసులు రాలిపోయి చచ్చే రకం. కష్టాలన్నీ అక్కడే మొదలు.

కొన్న ఎర గంటలోపే వెల్లకిలా తేలుతోంది

నూటికి తొంభై మంది అడిగేది ఇదే. మొదటిసారి నేను మూడు డజన్ల హెరింగ్ కొని, మామూలు కూల్‌డ్రింకుల ఐస్ పెట్టెలో ఇంటి పంపు నీళ్ళు పోసి, అక్వేరియంలో పెట్టే బుడగల మోటారు ఒకటి పడేసి బయల్దేరాను. బోటు నీళ్ళలోకి దించేసరికి సగం తెల్లటి పొట్టలు చూపిస్తున్నాయి. ఒక్క పెట్టెలో నాలుగు తప్పులున్నాయని తర్వాత తెలిసింది.

ఒకటి, పంపు నీళ్ళలో క్లోరిన్. అది మొప్పల్ని కాల్చేస్తుంది. అక్వేరియం షాపుల్లో దొరికే క్లోరిన్ విరుగుడు చుక్కలు ముందే కలపండి, లేదా ఎర అమ్మేచోట వాళ్ళ ట్యాంకు నీళ్ళే అడిగి పోయించుకోండి. రెండు, వేడి. జులైలో చెరువు పైనీళ్ళు 85 డిగ్రీల ఫారన్‌హీట్‌కి అటూఇటూగా ఉంటాయి, హెరింగ్‌కి 65-70 మధ్యలో ఉంటే హాయి. అలాగని ఐస్ ముక్కలు గుమ్మరించకండి, ఐస్ కూడా ఆ క్లోరిన్ నీళ్ళతో చేసిందేగా, పైగా ఒక్కసారిగా చల్లబడితే ఆ దెబ్బకే చస్తాయి. వాటర్ బాటిళ్ళు రాత్రే ఫ్రీజర్లో గడ్డకట్టించి, మూత తీయకుండా ఒక్కొక్కటే ట్యాంకులో వేయండి, థర్మామీటర్ ఒకటి లోపల వేలాడదీయండి. మూడు, కిక్కిరిసిపోవడం. వేసవిలో ఎక్కువ ఎర కొంటే ఎక్కువసేపు వస్తుందనుకోవడం భ్రమ, 30 గ్యాలన్ల ట్యాంకులో నేను రెండు డజన్లు దాటనివ్వను. నాలుగు, చిన్న బుడగల మోటారు చాలదు. నీళ్ళని గట్టిగా తిప్పే పంపు కావాలి, దానికి ఫిల్టర్ ఉండాలి.

ఇంకోటి ఉప్పు. అయొడిన్ లేని రాళ్ళుప్పు, పది గ్యాలన్లకి ఓ కప్పు లెక్కన వేస్తాను, కొందరు ఇంకాస్త ఎక్కువే వేస్తారు. ఉప్పు వల్ల ఎర గట్టిపడి, పొలుసులు తక్కువ రాలతాయి.

మూతులు ఎర్రబడుతున్నాయి

ట్యాంకు చతురస్రంగా ఉంది. హెరింగ్ ఆగకుండా ఈదే చేప, మూలకి వెళ్ళి తిరగలేక గోడకి మూతి కొట్టుకుంటూనే ఉంటుంది. గుండ్రటి ట్యాంకు కొనడం ఒక్కటే అసలు పరిష్కారం. అంత ఖర్చు ఇప్పుడే వద్దనుకుంటే ప్లాస్టిక్ షీటు వంచి నాలుగు మూలల్నీ మూసేయండి, నేను ఒక ఏడాది అలాగే లాగించాను.

నీళ్ళ మీద సబ్బు నురగలా తేలుతోంది

ఎర వదిలిన జిగురు, రెట్ట. కొన్న మొదటి అరగంటలో ఇది ఎక్కువ. ఫిల్టర్ స్పాంజి తీసి పిండి కడగండి, మూడో వంతు నీళ్ళు మార్చండి. మార్చేటప్పుడు ఎండాకాలం చెరువు పైనీళ్ళు తోడి పోస్తే పైన చెప్పిన వేడి గొడవ మళ్ళీ మొదటికొస్తుంది, ఇంటి నుంచి క్లోరిన్ తీసేసిన నీళ్ళు రెండు క్యాన్లు తెచ్చుకోవడం మేలు.

ట్యాంకులో చలాకీగా ఉంది, గాలానికి గుచ్చి దించితే చచ్చి పైకొస్తోంది

ముందు మీ చెయ్యి చూసుకోండి. పొడి చేత్తో, అందులోనూ సన్‌స్క్రీన్ పూసుకున్న చేత్తో పట్టుకుంటే ఎర పని అయిపోయినట్టే. చిన్న వలతో ఒక్కదాన్నే తీసి, తడి చేత్తో తల దగ్గర సుతారంగా పట్టుకుని, కొక్కేన్ని ఒక ముక్కు రంధ్రంలోంచి గుచ్చి రెండో దాంట్లోంచి బయటికి తీయాలి. అయిదు సెకన్ల పని. అంతకంటే ఆలస్యమైతే ఆ ఎరని పక్కన పడేసి ఇంకోటి తీస్తాను, పిసినారితనం ఇక్కడ పనికిరాదు. కొక్కెం కూడా పెద్దది వద్దు, మామూలు సైజు హెరింగ్‌కి 1 నంబరు గానీ 1/0 గానీ చాలు.

ఇవన్నీ సరిగ్గా చేసినా చస్తుంటే లోతు చూడండి. వేసవిలో చెరువు పొరలుగా విడిపోతుంది. పైన వేడినీళ్ళు, కింద చల్లనీళ్ళు, మధ్యలో ఉష్ణోగ్రత గబుక్కున పడిపోయే పొర, దాన్నే థర్మోక్లైన్ అంటారు. సీజన్ ముదిరేకొద్దీ ఆ కింది పొరల్లో ఆక్సిజన్ తగ్గిపోతూ వస్తుంది. ఆక్సిజన్ లేనిచోటికి ఎరని దించితే ఊపిరాడక చస్తుంది, ఆ లోతులో స్ట్రైపర్ కూడా ఉండదు. అయిదారు అడుగులు పైకి లాగి చూడండి. ఇక పైన వేడినీళ్ళలో ఎరని ఈదనిస్తూ తీరిగ్గా వదలకండి, రెండు ఔన్సుల సీసం గుండు కట్టి గబగబా కిందికి దించేయండి.

ఫిష్ ఫైండర్ నిండా చేపలే, ఒక్కటీ ముట్టదు

ఇది మనిషిని పిచ్చెక్కిస్తుంది. ఫైండర్ అంటే నీళ్ళ కింద ఏముందో ధ్వని తరంగాలతో చూపించే మిషన్. దాని తెర మీద 40 అడుగుల దగ్గర కొడవళ్ళలా వరసగా గీతలు, నీళ్ళలో నాలుగు గాలాలు, గంట గడిచినా ఉలుకూ పలుకూ లేదు. బావ అయితే మిషనే తప్పు చూపిస్తోందని తీర్మానించేశాడు.

మా విషయంలో తప్పు లెక్కలో ఉంది. నేను 40 అని దించింది నిజానికి 50. స్ట్రైపర్ చూపు పైకి, పైనున్న ఎర మీదికి లేస్తుంది గానీ తన కిందున్న దాని కోసం దిగడం తక్కువ. కాబట్టి చేపల గీతలకి నాలుగైదు అడుగులు పైనే ఎర ఆగాలి. లోతు కొలవడానికి లైన్ కౌంటర్ ఉన్న రీల్ కొంటే గొడవే లేదు. లేకపోతే ఇంట్లో ఓసారి టేపు పట్టుకుని, రీల్ దగ్గర్నుంచి రాడ్ మీది మొదటి రింగు దాకా లైను ఒకసారి లాగితే ఎంతొస్తుందో కొలిచి పెట్టుకోండి. నా రాడ్‌కి సరిగ్గా రెండడుగులు వచ్చింది, అంటే 36 అడుగులకి పద్దెనిమిది లాగుళ్ళు. పిల్లలుంటే ఆ లెక్క వాళ్ళకి అప్పజెప్పండి, మనకంటే శ్రద్ధగా లెక్కపెడతారు. గాలికి బోటు కొట్టుకుపోతుంటే లైను ఏటవాలుగా లేచి ఎర పైకొచ్చేస్తుంది, అప్పుడీ లెక్కలేవీ పనికిరావు, ట్రోలింగ్ మోటారు అనే చిన్న ఎలక్ట్రిక్ మోటారుతో బోటుని నిలబెట్టి లైను నిటారుగా ఉండేలా చూడాలి. సరిగ్గా దిగిందా అని అనుమానమొస్తే ఫైండర్‌లోనే చూడొచ్చు, బోటు కింద నిటారుగా వేలాడే సీసం గుండు సన్నటి గీతలా కనబడుతుంది.

లోతు సరిగ్గా ఉండీ ముట్టకపోతే, లీడర్, అంటే కొక్కేనికి కట్టే చివరి లైను ముక్క, చూడండి. లేనియర్ నీళ్ళు తేటగా ఉంటాయి, లావు లైను కనిపించిపోతుంది. 12 నుంచి 15 పౌండ్ల లాగుడు తట్టుకునే ఫ్లోరోకార్బన్ లైను (నీళ్ళలో అంతగా కనబడని రకం), అయిదారు అడుగుల పొడవు. అదీ బాగానే ఉంటే ఎర వాడిపోయిందేమో, పావుగంటకోసారి మార్చండి. ఆ తర్వాత బోటులో చప్పుడు. కూలర్ మూత ధబీమని వేయడం, పెద్ద ఇంజన్ ఆపి మళ్ళీ మళ్ళీ స్టార్ట్ చేయడం, ఫోన్‌లో పాటలు. నిజం చెప్పాలంటే పాటలకి చేపలు భయపడతాయో లేదో గానీ బావ పాడితే నాకే పారిపోవాలనిపిస్తుంది.

ఫైండర్‌లో చేపే కనబడదు

కాలాన్ని బట్టి వెతికేచోటు మారాలి. పోయిన నెల పడిన చోటికే మళ్ళీ వెళ్ళడం అందరూ చేసేదే. వసంతంలో అవి పాయల్లోకి, గట్టు దగ్గర తక్కువ లోతుల్లోకి వస్తాయి. అప్పుడు సీసం అక్కర్లేదు, ఎరని వెనక వంద అడుగుల దాకా వదిలేసి, పక్కలకి ప్లేనర్ బోర్డులు వేసి, గంటకి మైలు లోపు వేగంతో నెమ్మదిగా పోవాలి. ఆ బోర్డులు లైన్లని బోటుకి దూరంగా లాక్కుపోతాయి కాబట్టి బోటు నీడ పడని చోట ఎర ఈదుతుంది. ఎండలు ముదిరాక డ్యామ్ వైపు, నది పాత కాలువ మీద 30 నుంచి 60 అడుగుల్లో, ఆగస్టు, సెప్టెంబరుల్లో ఇంకా లోతుగా వెతకాలి. డ్యామ్ కట్టినప్పుడు మునిగిన చెట్లు చాలాచోట్ల కింద ఇంకా నిలబడే ఉన్నాయి, ఎరని వాటి కొమ్మల పైనే ఉంచండి, లేదంటే సీసం గుండ్లన్నీ వాటికే సమర్పణ. చలికాలంలో ఫైండర్ కంటే ముందు ఆకాశం చూడాలి, సీగల్స్ గుంపుగా నీళ్ళలోకి దూకుతున్నాయంటే కింద ఎవరో హెరింగ్‌ని పైకి తరుముతున్నట్టు.

రాడ్ వంగుతుంది, లాగితే ఖాళీ

లాగడమే తప్పు. బతికున్న ఎరకి ఎక్కువమంది వాడేది సర్కిల్ కొక్కెం, దాని మొన లోపలికి వంగి ఉంటుంది. మన ఊరి అలవాటు కొద్దీ రాడ్ అదరగానే విదిలిస్తే అది చేప నోట్లోంచి జారి వచ్చేస్తుంది. రాడ్ హోల్డర్‌లోనే ఉండనివ్వండి. ముందు ఎర కంగారుపడి కొన టపటపా కొట్టుకుంటుంది, అది చేప పట్టడం కాదు, పక్కకి ఏదో వచ్చిందని కబురు. కొన నీళ్ళని తాకేంతగా వంగి, అలాగే ఉండిపోతే అప్పుడు రీల్ తిప్పడం మొదలుపెట్టండి, విదిలించొద్దు. ఈ ఒక్క అలవాటు మానడానికి నాకు ఒక వేసవంతా పట్టింది.

ఎర తోక మాత్రం తెగి వస్తుంటే అది స్పాటెడ్ బాస్ లాంటి చిన్నచేప పని కావచ్చు, చోటు మార్చండి.

పెద్దది పడింది, తెంపుకుపోయింది

రీల్ డ్రాగ్, అంటే చేప లాగినప్పుడు లైను జారనిచ్చే బిగింపు, మరీ బిగించారు. చేత్తో లైను గట్టిగా లాగితే జారాలి. ముడి వేసేముందు ఉమ్మితో తడపండి, ప్రతి చేప తర్వాత లీడర్‌ని వేళ్ళ మధ్య జరుపుతూ చూడండి, గరుగ్గా తగిలితే కోసేసి కొత్తది కట్టండి.

వదిలేసిన చేప పక్కకి ఒరిగి తేలుతోంది

వేసవిలో లోతు నుంచి వేడినీళ్ళలోకి లాక్కొచ్చిన స్ట్రైపర్‌ని వదిలినా బతకడం కష్టం. దీనికి చిట్కా లేదు. ఆ కాలంలో పట్టి వదిలే ఆట మానేసి, తినడానికి కావలసినన్ని పట్టి గాలాలు చుట్టేయడమే. జార్జియాలో రోజుకి మనిషికి ఎన్ని, 22 అంగుళాలు దాటినవి ఎన్ని ఉంచుకోవచ్చో పరిమితి ఉంది, 16 ఏళ్ళు నిండినవాళ్ళకి లైసెన్సు ఉండాలి. వెళ్ళేముందు ఆ ఏటి రూల్స్ చూసుకోండి. మిగిలిన హెరింగ్‌ని ఇంటి దగ్గరి చెరువులోనో ఇంకో లేక్‌లోనో వదలకండి, అవి లేనిచోట్ల పడితే అక్కడి చేపల గుడ్లనీ పిల్లల్నీ తినేస్తాయి, అందుకే ఏ నీళ్ళలో వాటిని వాడొచ్చో కూడా చట్టమే చెబుతుంది.

పులుసు నీచు కొడుతోంది

ఇది మా ఆవిడ చెప్పిన సమస్య. తప్పు మసాలాలో లేదు. పట్టిన వెంటనే మొప్ప కోసి రక్తం పోనివ్వాలి, ఐస్ నీళ్ళలో ముంచి ఉంచాలి. చర్మం ఒలిచాక ముక్క పక్కన పొడుగునా ముదురు ఎరుపు కండ ఒకటి కనిపిస్తుంది, నీచంతా దాంట్లోనే, పదునైన కత్తితో దాన్ని పూర్తిగా తీసేయండి. మిగిలిన తెల్లకండ మాత్రం చింతపండు పులుసులో కొంచెం గట్టిగానే నిలబడుతుంది, వేపుడుకైతే ఇంకా బాగుంటుంది.