సైడ్ బాక్సులు కొనే ముందు అట్టపెట్టెలు కట్టి చూడండి

అడ్వెంచర్ బైక్‌కి సైడ్ బాక్సులు, అంటే వెనక రెండు పక్కలా తగిలించే గట్టి సామాను పెట్టెలు, ఫొటోలో ముచ్చటగానే ఉంటాయి. బిగించాకే తెలుస్తుంది, బండి ఇంటి గేటులో పట్టదని. తిరుపతి పాత సందుల్లో ఉండేవాళ్లకు ఈ తిప్పలు మరీ ఎక్కువ.

నేను ఆర్డర్ పెట్టే ముందు కిరాణా కొట్లో రెండు ఖాళీ అట్టపెట్టెలు అడిగి తెచ్చుకున్నాను. కంపెనీ ఇచ్చిన పొడవు, ఎత్తు, మందం కొలతలకు కోసి, టేపు చుట్టి, వెనక సీటుకు రెండు పక్కలా తాడుతో కట్టాను. బాక్సు తగిలించే స్టాండు చోటు కోసం బండికీ పెట్టెకీ మధ్యలో థర్మాకోల్ ముక్క పెట్టాలి, సైలెన్సర్ వైపు ఇంకాస్త మందంగా. బండి స్టార్ట్ చేయకుండా తోసుకుంటూ గేటు దాటించాను. హ్యాండిల్ దూరింది, పెట్టె మూల మాత్రం గోడకు నలిగింది. మా ఆవిడను వెనక కూర్చోబెడితే మడమకు పెట్టె తగిలింది. అంతే, 45 లీటర్లవి మానేసి 30 లీటర్లవి తీసుకున్నాను.

సైలెన్సర్ పూర్తిగా చల్లారాకే కట్టండి, అట్ట అంటుకుంటుంది. గుడ్డ బ్యాగులకు ఈ కొలత పనికిరాదు, సామాను కూరితే పొట్ట ఉబ్బుతాయి. భాకరాపేట ఘాట్ మలుపుల్లో బరువుతో బండి ఎలా వంగుతుందో కూడా దీంతో తెలియదు.