నీళ్లు మార్చగానే గోల్డ్‌ఫిష్ చనిపోతోందా? మందు వేసే ముందు ఇది చదవండి

గోల్డ్‌ఫిష్ నీరసంగా ఉందనో, పైకొచ్చి నోరు తెరుస్తోందనో, నిన్నటిదాకా బాగున్నది ఇవాళ పోయిందనో ఎవరు చెప్పినా నేను అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: నీళ్లు టెస్ట్ చేశారా? ఎక్కువసార్లు వచ్చే జవాబు, "నీళ్లు తేటగానే ఉన్నాయండి." తేటగా ఉండటం వేరు, చేపకు పనికిరావడం వేరు. చేప వదిలే అమ్మోనియాకు రంగు లేదు, అది మారి ఏర్పడే నైట్రైట్‌కు రంగు లేదు. చేపను చంపేంత ఉన్నా నీళ్లు తేటగానే కనిపిస్తాయి. అయినా టెస్ట్ కిట్ మాట ఎత్తకుండా నీలం మందు, పచ్చ మందు, యాంటీబయాటిక్ ఒకదాని తర్వాత ఒకటి తొట్టిలో పోసేసి, అవేవీ పనిచేయనప్పుడు అడుగుతారు. దయచేసి ఈ వరస మార్చండి. నీళ్ల తేడాకు మందు లేదు, పైగా కొన్ని మందులు ఫిల్టర్‌లోని మంచి బ్యాక్టీరియాను కూడా చంపి పరిస్థితిని ఇంకా పాడుచేస్తాయి.

అమ్మోనియా, నైట్రైట్, అది మారి వచ్చే నైట్రేట్, పీహెచ్ (నీళ్ల పులుపు కొలత, 7 కంటే తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ), కేహెచ్ (నీళ్లలో కరిగి ఉన్న కార్బొనేట్ల కొలత) ఐదూ చూడాలి. చుక్కల కిట్ తీసుకోండి, చాలా స్ట్రిప్పుల్లో ముఖ్యమైన అమ్మోనియా టెస్టే ఉండదు. మొదటి రెండూ సున్నా ఉండాలి, నైట్రేట్ 40 పీపీఎం (లీటరుకు 40 మిల్లీగ్రాములు) దాటకూడదు. వారానికోసారి కొంత నీరు మార్చడం, కొత్త నీళ్లలో యాంటీ క్లోరిన్ కలపడం, మేత అతిగా వేయకపోవడం మీకు అలవాటే అనుకుని మిగతాది రాస్తున్నాను.

పైకొచ్చి గుటకలు వేస్తోంది

ముందు నీటి ఉపరితలం కదులుతోందో లేదో చూడండి. ఎయిర్ స్టోన్ మూసుకుపోయి రెండు బుడగలే వస్తుంటే పంప్ చప్పుడు వినిపించినా లాభం లేదు. వేడి కూడా లెక్కలోకి వస్తుంది: 20 డిగ్రీల నీళ్లు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, 30 డిగ్రీల నీళ్లు ఏడున్నర దగ్గరే ఆగిపోతాయి. గోల్డ్‌ఫిష్ చల్లని నీటి చేప. వేడెక్కిన చిన్న తొట్టిలో దానికి ఊపిరి చాలదు.

గాలి బాగానే ఉన్నా గుటకలు వేస్తుంటే నైట్రైట్ చూడండి. అది రక్తం ఆక్సిజన్‌ను మోయకుండా చేస్తుంది, ఎర్రగా ఉండాల్సిన మొప్పలు గోధుమ రంగుకు తిరుగుతాయి. మూడో వంతు నీళ్లు మార్చి, అయొడిన్ లేని ఉప్పు లీటరుకు 1 గ్రాము చొప్పున కరిగించి పోయండి, మేత ఆపండి. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌ను అడ్డుకుంటుంది. నైట్రైట్ తగ్గేదాకా రోజూ టెస్ట్ చేస్తూ అవసరమైతే మళ్లీ నీళ్లు మార్చండి.

అమ్మోనియా కనిపిస్తూ పీహెచ్ 7కీ 8కీ మధ్య ఉంటే ఎక్కువగా కనిపించేవి రెండు కారణాలు. తొట్టి కొత్తది, ఇంకా బ్యాక్టీరియా ఎదగలేదు (నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది). లేదా ఎవరో ఫిల్టర్ స్పాంజ్‌ను కుళాయి కింద పెట్టి తెల్లగా అయ్యేదాకా పిండేశారు. స్పాంజ్‌ను తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు నొక్కి వదిలేయాలి, కాస్త మురికిగా ఉన్నా పర్వాలేదు.

నీళ్లు మార్చిన కొన్ని గంటల్లోనే పోతున్నాయి

దీని గురించి ఎక్కువ రాయాలి, ఎందుకంటే ఎన్ని తొట్లు చూసినా ఇంతగా దారి తప్పించే సమస్య నాకు ఇంకోటి కనబడలేదు.

ఇది రెండు రకాలుగా కనిపిస్తుంది. మొదటిది: తొట్టి ఏడాది పైగా బాగా నడిచింది. ఈమధ్య చేపలు రెక్కలు ముడుచుకుని అడుగున కూర్చుంటున్నాయి, మేత సగమే తింటున్నాయి. నీళ్లు పాతబడ్డాయని సగానికి పైగా తీసేసి కొత్తవి నింపారు. గంటలు గడవకముందే చేపలు పిచ్చిగా అటూ ఇటూ దూకి, పైకొచ్చి, పక్కకు ఒరిగిపోయాయి. రెండోది: పాత చేపలు బాగానే ఉన్నాయి గానీ కొత్తగా తెచ్చి వేసినవి మాత్రం ఒకటి రెండు రోజుల్లో పోతున్నాయి. మొదటి రకంలో కుళాయి నీళ్లను తిడతారు, రెండో రకంలో చేపలు అమ్మినవాళ్లను. యాంటీ క్లోరిన్ సరిగ్గా వేశారా అన్నది తప్పకుండా చూసుకోండి. వేసినా ఇలాగే జరుగుతుంటే మాత్రం తప్పు కొత్త నీళ్లది కాదు, పాత నీళ్లది.

గోల్డ్‌ఫిష్ మొప్పల గుండా వదిలే అమ్మోనియాను ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా నైట్రేట్‌గా మారుస్తుంది. అలా మార్చేటప్పుడు ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లాన్ని మింగేసేది నీళ్లలోని కేహెచ్, అంటే కరిగి ఉన్న కార్బొనేట్లు. అమ్మోనియాలోని ఒక మిల్లీగ్రాము నైట్రోజన్‌ను మార్చడానికి సుమారు 7 మిల్లీగ్రాముల కేహెచ్ (కాల్షియం కార్బొనేట్ లెక్కలో) ఖర్చవుతుంది. పెద్ద తొట్టిలో రెండు చేపలుంటే ఈ ఖర్చు తెలియదు. చిన్న తొట్టిలో, కడుపు నిండా తినే గోల్డ్‌ఫిష్‌లు ఉన్నచోట, వారాలు గడిచేకొద్దీ కేహెచ్ అడుగంటిపోతుంది. ఆవిరైన మేరకు నీళ్లు పోస్తూ, మార్చడం మాత్రం మానేసిన తొట్లలో ఇది ఎక్కువ. చేపకు శుద్ధమైన నీళ్లు ఇవ్వాలని ఉత్త ఆర్‌ఓ నీళ్లే పోసేవాళ్ల దగ్గరైతే మరీ త్వరగా వస్తుంది, ఎందుకంటే ఆ నీళ్లలో కేహెచ్ దాదాపు ఉండదు.

మోసం ఎక్కడుందంటే, కేహెచ్ ఉన్నంతకాలం పీహెచ్ పెద్దగా కదలదు. ప్రతి వారం పీహెచ్ ఒక్కటే చూసేవాళ్లకు కిట్ ఎప్పుడూ అదే రంగు చూపిస్తుంది, అంతా బాగుందనిపిస్తుంది. కేహెచ్ అయిపోయాక మాత్రం కొద్ది రోజుల్లోనే పీహెచ్ 6 దగ్గరికి జారిపోతుంది. 6.5 కిందికి రాగానే బ్యాక్టీరియా మందగిస్తుంది, 6 దగ్గర దాదాపు పని ఆపేస్తుంది. అమ్మోనియా పేరుకోవడం మొదలవుతుంది. అయినా చేప చావదు. ఎందుకంటే పీహెచ్ తక్కువగా ఉన్నప్పుడు అమ్మోనియా దాదాపు మొత్తం అమ్మోనియం రూపంలో ఉంటుంది, అది పెద్దగా హాని చేయదు. 25 డిగ్రీల దగ్గర, పీహెచ్ 6లో విషంగా ఉండే భాగం వెయ్యింట ఒక వంతు కూడా కాదు. పీహెచ్ 7లో అర శాతం పైచిలుకు. పీహెచ్ 8లో 5 శాతం దాటుతుంది. కిట్ చూపించేది రెండూ కలిపిన మొత్తాన్ని, అందుకే అమ్మోనియా అంకెను పీహెచ్‌తో కలిపి చదవకపోతే అర్థం ఉండదు.

ఇప్పుడు లెక్క వేయండి. పీహెచ్ 6, అమ్మోనియా 4 పీపీఎం ఉన్న తొట్టిలో విషం సుమారు 0.002 పీపీఎం. సగం నీళ్లు మార్చారు, మొత్తం అమ్మోనియా 2కి తగ్గింది. కానీ కొత్త నీళ్లతో కేహెచ్ వచ్చి పీహెచ్ 8కి చేరితే విషం 0.1 పీపీఎం అవుతుంది. అమ్మోనియాను సగానికి తగ్గించి, విషాన్ని దాదాపు యాభై రెట్లు పెంచినట్టు. చేపకు మంచి చేస్తున్నానని నమ్మి చేసిన పనే దాన్ని చంపుతుంది, అదే నాకు బాధ. కొత్తగా తెచ్చిన చేప సంగతి ఇంకో రకం: పాతవి ఆ పులుపుకు మెల్లగా అలవాటుపడి ఉంటాయి, కొత్తది 7.5 నీళ్లలోంచి ఒక్కసారిగా 6లో పడి తట్టుకోలేదు.

ఎలా పట్టుకోవాలి? రెండు గ్లాసులు తీసుకోండి. ఒకదాంట్లో తొట్టి నీళ్లు, ఇంకోదాంట్లో మీరు మార్చడానికి వాడే నీళ్లు. రెండో గ్లాసును ముందురోజే పట్టి, ఎయిర్ స్టోన్ వేసి రాత్రంతా ఉంచండి, ఎందుకంటే అప్పుడే పట్టిన నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉండి పీహెచ్ తప్పు చూపించవచ్చు. రెండింటికీ పీహెచ్, కేహెచ్ చూడండి. కేహెచ్ టెస్ట్‌లో ఒక్కో చుక్క వేస్తూ కలుపుతారు. సాధారణంగా మొదటి చుక్కకు నీలం రంగు వచ్చి, ఐదారు చుక్కలకు పసుపుకు తిరుగుతుంది. చాలా కిట్లలో ఎన్ని చుక్కలైతే కేహెచ్ అన్ని డిగ్రీలు (ఇవి వేడి డిగ్రీలు కావు). ఈ సమస్య ఉన్న తొట్టి నీళ్లలో నీలం అసలు రాదు, మొదటి చుక్కకే పసుపు వచ్చేస్తుంది. అది చూస్తే ఇంకేం వెతకక్కర్లేదు. ఇంకో మాట, పీహెచ్ కిట్ చాలావరకు 6 దగ్గరే ఆగిపోతుంది. చివరి రంగు వచ్చిందంటే 6 అని కాదు, 6 గానీ అంతకంటే తక్కువ గానీ అని.

సరిచేయడంలో తొందర పనికిరాదు. పెద్ద మొత్తంలో నీళ్లు మార్చకండి, పీహెచ్ పెంచే మందులు వేయకండి, వంట సోడా కూడా ఇప్పుడే వద్దు. మేత ఆపేయండి, ఆరోగ్యంగా ఎదిగిన గోల్డ్‌ఫిష్ కొన్ని రోజులు తినకపోయినా ఏం కాదు. అడుగున పేరుకున్న మలం, కుళ్లిన మేత సైఫన్‌తో తీయండి. అమ్మోనియాను కట్టేసే కండిషనర్ దొరికితే సీసా మీద రాసిన మోతాదులో వేయండి. తర్వాత రోజుకు పదో వంతు చొప్పున, అదే వేడి ఉన్న నీళ్లు, సన్నటి గొట్టంలోంచి మెల్లగా పడేలా మార్చండి. రోజూ అమ్మోనియా, పీహెచ్ రెండూ చూసి రాసుకోండి. అమ్మోనియా 1 పీపీఎం పైన ఉన్నంతవరకు పీహెచ్ 7 దాటనివ్వకండి, దాటేలా ఉంటే మార్చే నీళ్లు ఇంకా తగ్గించండి. వారం, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది.

అమ్మోనియా దిగాక కేహెచ్ సంగతి. మీ కుళాయి నీళ్లలో కేహెచ్ ఐదారు డిగ్రీలుంటే వారం వారం నీళ్లు మార్చడమే చాలు. లేకపోతే 100 లీటర్లకు 3 గ్రాముల వంట సోడా ఒక డిగ్రీ పెంచుతుంది, విడిగా కరిగించి రోజుకు ఒక డిగ్రీకి మించకుండా పోయండి (బేకింగ్ పౌడర్ కాదు, అది వేరే పదార్థం). దీర్ఘకాలానికి నలిపిన పగడపు రాయో, గుల్ల ముక్కలో చిన్న వల సంచిలో కట్టి ఫిల్టర్‌లో పెడితే నీళ్లు పులిసేకొద్దీ అవే కరుగుతూ ఉంటాయి. కేహెచ్ నాలుగు డిగ్రీల కిందికి దిగకుండా చూసుకోండి.

ఇప్పటికే ఎక్కువ నీళ్లు మార్చేశారు, చేప పక్కకు ఒరుగుతోంది, ఇది చదువుతున్నారు అంటే: ముందు కండిషనర్ వేయండి. అది లేకపోతే అదే వేడి ఉన్న, యాంటీ క్లోరిన్ కలిపిన పూర్తి కొత్త నీళ్లున్న బకెట్‌లోకి చేపను మార్చి ఎయిర్ స్టోన్ పెట్టండి. పీహెచ్ ఎలాగూ పెరిగిపోయింది, అమ్మోనియా నుంచి తప్పించడమే ఇప్పుడు ముఖ్యం.

తలకిందులుగా తేలుతోంది

పొట్ట గుండ్రంగా ఉండే ఫ్యాన్సీ రకాల్లోనే ఎక్కువ. నీళ్లు బాగుంటే చాలాసార్లు మేత కారణం. రెండు మూడు రోజులు ఏమీ పెట్టకండి, తర్వాత ఉడికించి తొక్క తీసిన పచ్చి బఠానీ చిదిమి పెట్టండి. పైన తేలే గింజల మేతను నానబెట్టి వేయడం, లేదా మునిగే మేతకు మారడం మంచిది. పుట్టుకతోనే అలా ఈదే చేపలు కొన్ని ఉంటాయి, తింటూ తిరుగుతుంటే వాటిని అలాగే ఉండనివ్వండి.

తెల్ల చుక్కలు, నల్ల మచ్చలు

మందు కొనే ముందు చుక్కలు ఎక్కడున్నాయో దగ్గరగా చూడండి. మొప్పల మూతల మీద, ముందు రెక్కల అంచున మాత్రమే వరసగా ఉంటే అది మగచేప జతకు సిద్ధమైన గుర్తు, జబ్బు కాదు. ఒంటి మీద, తోక మీద చల్లినట్టు ఉండి, చేప రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటుంటే అది వైట్ స్పాట్ అనే పరాన్నజీవి జబ్బు. చుక్కలు మాయమవగానే మందు ఆపేయకండి. చర్మం లోపల ఉన్న పరాన్నజీవిని మందు తాకలేదు, అది రాలి నీళ్లలో ఈదే దశలోనే చస్తుంది. కొత్తగా నల్ల మచ్చలొస్తే చాలాసార్లు అవి అమ్మోనియా గాయాలు మానుతున్న గుర్తు, మచ్చకు వైద్యం వద్దు, నీళ్లు చూడండి.

మొప్పల పురుగులు, కణుతులు అరుదు. ఐదు టెస్టులూ బాగుండి, వారమైనా చేప కోలుకోకపోతే అప్పుడు వాటి గురించి ఆలోచించవచ్చు. పొలుసులు లేచి నిక్కబొడుచుకుంటే లోపల మూత్రపిండాలు దెబ్బతినడం మొదలైందని అనుకోవాలి, బతికే అవకాశం తక్కువ. దాన్ని వేరే నీళ్లలో ఉంచి, మిగతా చేపలున్న తొట్టికి అదే రోజు ఐదు టెస్టులూ చేయండి.