ఇంటెనుక జాగల బంతి పెట్టుండ్రి, బతుకమ్మకు పైసలొస్తయ్

హన్మకొండల మా ఇంటెనుక అర గుంట జాగ పిచ్చిచెట్లు మొలిచి ఊకెనే పడి ఉంటే బంతి పెట్టిన. బతుకమ్మకు గునుగు, తంగేడు చెల్కలపొంటి తెంపుకొస్తరు గని బంతిపువ్వు చానామంది కొనుడే కదా. నారు నాటినంక 50-60 రోజులకు పూత వస్తది, పండుగ డేట్ నుంచి వెనకకు లెక్కేసుకొని నాటాలె, గిదే అసలు ముచ్చట, మొదటిసారి నేను లేట్ చేస్తే దసరా అయినంక పూసినయ్. నెల మొక్కకు కొస తుంచితే కొమ్మలు మస్తుగొస్తయ్, పూత మాత్రం జర లేటైతది, అదీ లెక్కల వేసుకోండ్రి. నీళ్లు నిలవనియ్యొద్దు. మార్కెట్‌కు పోకుండ గల్లీ వాట్సాప్ గ్రూపుల ఫోటో పెట్టి పొద్దుగాల తెంపి కిలో లెక్కన ఇయ్యుండ్రి. తర్వాత పూసినయ్ దీపావళికి పోతయ్.