సిమ్యులేటర్‌లో జోరు, ప్రొడక్షన్‌లో నత్తనడక
ఐబీఎం వర్క్‌లోడ్ సిమ్యులేటర్‌లో (యూజర్లలా నటించి మెయిన్‌ఫ్రేమ్ మీద లోడ్ పెట్టే టూల్) 3270 టెర్మినళ్లు (మెయిన్‌ఫ్రేమ్ తెరలు) 200 పెట్టి, ట్రాన్సాక్షన్లు నడిపే సీఐసీఎస్‌ని పరీక్షిస్తే రెస్పాన్స్ అర సెకను దాటలేదు. అసలు యూజర్లు వాడే ప్రొడక్షన్‌లో మాత్రం నత్తనడక. తప్పు మన స్క్రిప్టుదే: అన్ని టెర్మినళ్లూ ఒకే ఖాతా నంబరు కొడుతున్నాయి. వీసామ్ (మెయిన్‌ఫ్రేమ్ ఫైలు పద్ధతి)లోని ఆ ఖాతా రికార్డు మెమరీ బఫర్‌లోనే కూర్చుంటుంది, డిస్క్ జోలికే పోదు. (అదే అప్‌డేట్ అయితే కథ అడ్డం తిరుగుతుంది, రికార్డు లాక్ కోసం అందరూ క్యూ కడతారు.) వేర్వేరు ఖాతా నంబర్లను సిమ్యులేటర్‌లోని యూజర్ టేబుల్‌లో వేసి, ర్యాండమ్‌గా తీసేలా మార్చాను.

రెండోది థింక్ టైమ్, అంటే యూజర్ తెర చూసి మళ్లీ కొట్టేలోపు ఆగే సమయం. డిలేని కొలిచే యూనిట్ యూటీఐ; దాని లెక్క సెకనులో నూరో వంతుల్లో. యూటీఐ 100 అంటే ఒక సెకను, అప్పుడు డిలే 10 అంటే పది సెకన్లు. ఈ డిలే రెస్పాన్స్ వచ్చి కీబోర్డు అన్‌లాక్ అయ్యాకే మొదలయ్యేలా పెట్టాలి. అప్పుడు 200 టెర్మినళ్లని 10.5తో (పది సెకన్ల డిలే, అర సెకను రెస్పాన్స్) భాగిస్తే సెకనుకు సుమారు 19 ట్రాన్సాక్షన్లు. లెక్క కుదిరినా తెరలు తెరిచి చూడండి: పాస్‌వర్డ్ గడువు తీరిన యూజర్ ఐడీలు ఎర్రర్ తెర మీదే ఎంటర్ కొడుతుంటాయి, అదీ మహా వేగంగా.