ఉబుంటు అప్‌గ్రేడ్ తర్వాత డెస్క్‌టాప్ రాకపోతే

22.04 నుంచి 24.04కి మారాక, పాస్‌వర్డ్ కొట్టగానే తెర నల్లబడి మళ్లీ లాగిన్ దగ్గరికే వస్తోందా? ఫార్మాట్ కొట్టేయమనేవాళ్లు చుట్టూ చాలామందే ఉంటారు. ఆగండి. ఫైళ్లు ఎక్కడివక్కడే ఉండి ఉంటాయి, పడిపోతున్నది చాలాసార్లు గ్నోమ్ షెల్ (డెస్క్‌టాప్‌ను చూపించే ప్రోగ్రామ్) ఒక్కటే. మా బడి ల్యాబ్‌లో నేను ఏ వరసలో చూస్తానో చెప్తాను. కమాండ్లు ఫోన్‌లో చెప్పినట్టు పలికే తీరులో రాస్తున్నాను, మీరు ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో కొట్టండి.

లాగిన్ తెర మీద కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కూడా కలపాలి. నల్లటి తెర మీద యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలు కూడా కనబడవు, టెన్షన్ పడకండి. సిస్టమ్ భాష తెలుగులో పెట్టుకున్నవాళ్లకు ఇక్కడ మెసేజ్‌లు డబ్బాలుగా కనిపిస్తాయి, ఈ తెరకు తెలుగు చూపించడం రాదు. 'ఎక్స్‌పోర్ట్ ఎల్‌సీ_ఆల్=సీ' అని కొడితే ఇంగ్లిష్‌లో వస్తాయి ('ఎక్స్‌పోర్ట్' తర్వాతివన్నీ పెద్దక్షరాలు).

ముందు డిస్క్‌లో జాగా ఎంతుందో చూపే 'డీఎఫ్ -హెచ్'. రూట్ (చివర '/' ఒక్కటే ఉన్న వరస) దగ్గర వంద శాతం ఉంటే గొడవంతా జాగా లేకే కావచ్చు. 'సుడో ఆప్ట్ క్లీన్' కొంత ఖాళీ చేస్తుంది. తర్వాత 'సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఎ', ఆపైన 'సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్'. మధ్యలో కరెంటు పోయి సగంలో ఆగిన అప్‌గ్రేడ్లకు ఇది సరిపోవచ్చు.

అప్పటికీ రాకపోతే అసలు పరీక్ష: 'సుడో యాడ్‌యూజర్ పరీక్ష'. ఇది 'పరీక్ష' పేరుతో కొత్త యూజర్‌ను చేరుస్తుంది. రీస్టార్ట్ చేసి ఆ కొత్త పేరుతో డెస్క్‌టాప్‌లోకి వెళ్లి చూడండి. ఇది చేయకుండా డ్రైవర్ల జోలికి వెళ్లేవాళ్లను చూస్తే నాకు చిరాకు.

కొత్త యూజర్‌కు బాగానే వస్తే, తప్పు మీ సెట్టింగ్‌లలో ఉంది. మొదటి అనుమానం ఎక్స్‌టెన్షన్ల (డెస్క్‌టాప్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్‌ల) మీదే. 22.04లో ఉన్నది గ్నోమ్ 42 వెర్షన్, 24.04లో 46. మధ్యలో 2023లో వచ్చిన 45 ఎక్స్‌టెన్షన్లు రాసే పద్ధతినే మార్చేసింది, అంతకుముందు రాసినవి మార్చకుండా నడవవు. షెల్ మామూలుగా వాటిని పక్కన పెట్టేస్తుంది, వెర్షన్ తనిఖీ ఆపేసుకున్నవాళ్లకే తిప్పలు. మీ హోమ్‌లో '.లోకల్', అందులో 'షేర్', అందులో 'గ్నోమ్-షెల్', దానిలోని 'ఎక్స్‌టెన్షన్స్' ఫోల్డర్ పేరును 'ఎంవీ'తో మార్చండి. అదీ పనిచేయకపోతే '.కాన్ఫిగ్'లోని 'డీకాన్ఫ్' (డెస్క్‌టాప్ సెట్టింగ్‌లు దాచే ఫోల్డర్) పేరు కూడా మార్చండి. తీసేయకండి, పేరు మారిస్తే చాలు.

కొత్త యూజర్‌కూ పడిపోతే గ్రాఫిక్స్ వైపు చూడాలి. లాగిన్‌లో పేరు నొక్కాక మూలన కనిపించే పళ్లచక్రంలో వేలాండ్ కాకుండా ఎక్స్‌ఆర్గ్ ఎంచుకోండి (రెండూ తెర మీద బొమ్మ చూపించే పద్ధతులే, ఎక్స్‌ఆర్గ్ పాతది). ఎన్విడియా కార్డు ఉంటే, డ్రైవర్ సరిగ్గా ఎక్కిందో లేదో చూడటానికి 'డీకేఎంఎస్ స్టేటస్', ఆపైన 'సుడో ఉబుంటు-డ్రైవర్స్ ఇన్‌స్టాల్'. సెక్యూర్ బూట్ (సంతకం లేని డ్రైవర్లను అడ్డుకునే రక్షణ) ఉన్న మెషిన్‌లో ఇది ఒక పాస్‌వర్డ్ పెట్టమని అడగొచ్చు. అడిగితే, రీస్టార్ట్ అవగానే నీలం తెర వస్తుంది. అక్కడ కంగారుపడి 'కంటిన్యూ' నొక్కేస్తారు. 'ఎన్‌రోల్ ఎంఓకే' ఎంచుకుని ఆ పాస్‌వర్డే ఇవ్వాలి, లేదంటే డ్రైవర్ ఉన్నా లోడ్ కాదు.

డెస్క్‌టాప్ వచ్చాక ఎక్స్‌టెన్షన్లను ఒక్కొక్కటిగా పెట్టుకోండి. డీకాన్ఫ్ మార్చినవాళ్లకు తెలుగు కీబోర్డు కూడా పోయి ఉంటుంది, సెట్టింగ్స్‌లో కీబోర్డ్ కింద మళ్లీ చేర్చుకోవాలి.