మందార పోయిందా, బతికే ఉందా? – మూడో పాఠం

పోయిన పాఠంలో ఆకులు ఎందుకు రాలతాయో చూశాం కదా, ఇవాళ అసలు పని. ఆకులన్నీ రాలి ఉత్త పుల్లలు మిగిలిన మొక్కని పీకెయ్యాలా, ఉంచాలా? ఆకుల్ని చూసి మాత్రం తేల్చకండి. మే ఎండలకి మిద్దె మీద కుండీలో మందార ఆకులన్నీ రాల్చేసుకుని కూడా బతికే ఉండొచ్చు, దేవగన్నేరు అయితే చలికాలంలో మోడైపోవడమే దాని పద్ధతి.

కత్తి కూడా అక్కర్లేదు, బొటనవేలి గోరు చాలు. కొమ్మ చివర కందిగింజంత మేర బెరడు గీరండి. కింద పచ్చగా, తడిగా ఉంటే అక్కడ ప్రాణం ఉన్నట్టు. గోధుమరంగులో ఎండిపోయి ఉంటే ఆ చోటు వరకే పోయింది, మొక్క మొత్తం కాదు. జానెడు కిందకి దిగి మళ్ళీ గీరండి, ఇంకో జానెడు, అలా మొదలు దాకా. మా ముద్దమందారకి పై కొమ్మలన్నీ చిటుక్కున విరిగిపోతుంటే అమ్మ పీకి పారెయ్ అంది, నేనూ చెయ్యి వేశాను కానీ ఎందుకో మట్టికి నాలుగు వేళ్ళ ఎత్తులో ఒకసారి గీరి చూస్తే పెసరపొట్టు రంగు కనపడింది. ఆ నాలుగు వేళ్ళ మొదలు నుంచే నెల తిరిగేసరికి చిగుళ్ళొచ్చాయి.

దీనికి తిరకాసు కూడా ఉంది. పైన పచ్చగా ఉండి, మట్టి దగ్గర మొదలు నల్లబడి నొక్కితే మెత్తగా దిగిపోతుంటే మురిసిపోకండి, బజార్నుంచి తెచ్చిన కరివేపాకు రెమ్మ కూడా రెండ్రోజులు పచ్చగానే ఉంటుంది. అలాంటప్పుడు మొక్క మీద ఆశ వదిలేసి పైనున్న పచ్చ కొమ్మలు కోసి నాటుకోండి, మందార కొమ్మతో వస్తుంది.

మట్టి తడిగా ఉన్నా మొక్క వాడిపోతుంటే మాత్రం కుండీ బోర్లించి వేర్లు చూడాల్సిందే, చాలామంది దాహం అనుకుని ఇంకో చెంబుడు పోసి చంపేస్తారు. గట్టిగా, తెల్లగా ఉన్న వేర్లు మంచివి. లాగితే పైతొక్క ఊడొచ్చి లోపల దారం లాంటిది మిగిలి, మురుక్కాలవ కంపు కొడితే కుళ్ళినట్టు. సగం వేర్లు బాగుంటే కుళ్ళినవి కత్తిరించి, కుండీ అడుగు బెజ్జం మూసుకుపోయిందేమో చూసి, కొత్తమట్టిలో పెట్టి నీడకి జరపండి.

అంటు గులాబీకి ఇంకో మాట. అంటు ముడికి, అంటే వేరే మొక్క మొదలు మీద ఈ గులాబీని అతికిన చోటికి, పైన అంతా ఎండి కింద మాత్రమే పచ్చగా ఉంటే మొక్క బతుకుతుంది కానీ మీరు కొన్న గులాబీ పోయినట్టే, కిందనుంచి లేచేది వేరే జాతి. నేనైతే ఉంచను.

ఎరువు ఇప్పుడు వెయ్యొద్దు, డీఏపీ అసలే వద్దు, ఉన్న నాలుగు వేర్లూ మాడిపోతాయి.

ఈ వారం పని: ప్రతి కొమ్మకీ పచ్చదనం మొదలయ్యే చోట ఒక దారం కట్టండి. కత్తెర పెట్టేది అక్కడే, కానీ అది వచ్చే పాఠంలో.